ముప్ఫై అయిదు లీటర్ల ఖాళీ

అమరాంతే కారు తెచ్చి నా షెడ్డు ముందు ఆపాడు.
డెబ్బై తొమ్మిది మోడల్ మాంటే కార్లో, వంకాయ రంగు,
లోపల పైకప్పుకి వాళ్ల మేనమామ కుట్టించిన ఎర్ర మఖమలు.
డిక్కీ తెరిచి, కుడిచక్రం వెనక గుంట చూపించి
"ఇక్కడ" అన్నాడు.
అక్కడ నాలుగు పలకల పెట్టె పట్టదు.
ఆ గుంట ఆకారంలోనే ఉన్న ఇంకో గుంట తప్ప
ఏదీ పట్టదు.

ముందు ఇనుముకి కాగితం టేపు, దాని మీద అల్యూమినియం రేకు,
రెసిన్ కారుని కరుచుకోకుండా.
గాజు చాపని కత్తెరతో కాదు, చేత్తో చింపాను.
కోసిన అంచు కోసినట్టే కనపడుతుంది,
చింపిన అంచు పక్కదానిలో కలిసిపోతుంది.
ఈ సంగతి చెప్పినవాడు ఫెర్మీన్, పడవలకి అతుకులేసేవాడు.
న్యూ మెక్సికోలో పడవలేమిటని నవ్వకండి,
ఆనకట్ట వెనక అప్పట్లో నీళ్లుండేవి.

కప్పుకి పది చుక్కల హార్డెనర్ అని డబ్బా మీద ఉంటుంది.
డబ్బాకేం తెలుసు ఎస్పన్యోలా జూలై?
ఏడు చాలు.
నేను ఎనిమిదో చుక్క వేశాను.
కప్పు చేతిలోనే కుతకుతలాడి, పొగ చిమ్మి, రాయైపోయింది.
కుంచె అందులో నిటారుగా ఉంది ఇప్పటికీ, కిటికీలో.

ఆ రాత్రి మోచేతుల నిండా గాజు నూగు.
గోకకూడదు. గోకితే లోపలికి పోతుంది.
చన్నీళ్ల కింద నిలబడి
నాకు తెలిసిన బూతులన్నీ స్పానిష్‌లో ఒకసారి,
ఇంగ్లీషులో ఒకసారి.

స్పీకర్ కూర్చునే చెక్క వలయాన్ని మూడు పుల్లల మీద నిలబెట్టి
ముందు సీటు వైపు కాస్త వాల్చాను.
దాని మీద లాగి కట్టడానికి ఉన్ని గుడ్డ కావాలి.
అమరాంతే వాళ్లింటి సోఫా మీది దుప్పటి తెచ్చాడు,
తోడేలు బొమ్మది.
లాగుతుంటే తోడేలు మూతి సాగింది,
ఒక కన్ను వలయం అంచుకొచ్చి ఆగింది.
రెసిన్ తాగి దుప్పటి గట్టిపడ్డాక
వెనక దీపం పెడితే తోడేలు వెలిగింది.
తర్వాత బూడిదరంగు పుట్టీ, ఉప్పుకాగితం,
మళ్లీ పుట్టీ, మళ్లీ ఉప్పుకాగితం.
చివరికి కళ్లు మూసుకుని అరచేత్తో చూశాను,
కంటికి దొరకని ఎత్తుపల్లాలు చేతికి దొరుకుతాయి.

నిండు కుండ తొణకదంటారు.
మాకు కావాల్సింది తొణికేదే.
కానీ ఖాళీకీ లెక్కుంది: ముప్ఫై అయిదు లీటర్లు,
తక్కువైతే గొంతు పట్టేసినట్టు, ఎక్కువైతే బురదలో నడిచినట్టు.
వంపుల పెట్టెకి ఏ స్కేలు పెట్టి కొలుస్తాం?
నానమ్మ ఎర్లిందా దగ్గర పింటో చిక్కుడు గింజల బస్తా ఉంది.
లీటరు డబ్బాతో వలయంలోంచి పోస్తూ వెళ్లాం.
ముప్ఫై ఆరున్నర. ఆ ఒకటిన్నరా స్పీకర్ వీపు తినేస్తుంది.
అమరాంతే ఎగిరి గంతేశాడు.
నానమ్మ ఒక గింజ వాసన చూసింది.
"ఇవి కూరకి పనికిరావు" అంది,
"వచ్చే మే నెలలో నాటుతా. సగం నువ్వు తవ్వు."

ఆదివారం సాయంత్రం వైర్లు కలిపాం.
మొదటి స్వరం చెవికి రాలేదు,
రొమ్ముకి వచ్చింది.
షెడ్డు మట్టిగోడ మన్ను రాల్చింది,
నంబరు ప్లేటు పళ్లు కొరికింది,
పక్కింటి కుక్క లేచి, దేనిమీద మొరగాలో తేలక కూర్చుంది.
అప్పుడు వినపడింది, బాగా లోతు స్వరం దగ్గర మాత్రమే,
టక టక టక.

ఒక గింజ. మూలలో ఎక్కడో మిగిలిపోయింది.
ఎనిమిది మరలు విప్పితే చాలు. స్క్రూడ్రైవర్ తీశాను.
అమరాంతే నా మణికట్టు పట్టుకున్నాడు.
ఆ లోతు స్వరాన్నే మళ్లీ పెట్టాడు,
తల వాల్చి విన్నాడు.

"తోడేలు కడుపులో పడ్డది మొలవదు"
అంది ఎర్లిందా గడపలోంచి.
తర్వాత, లోపలికి పోతూ,
"ఆడుతుంది, అంతే."